నాలుగో గుంపు దేవుడు

లిథువేనియా భాషలో ఏ మాటను ఏ వరుసలో కూర్చోబెట్టాలన్న విషయంలో తుది నిర్ణయాధికారం ఈ ఏడాది నుంచి బహ్రెయిన్‌లోని ముత్యాల దీవి తెలుగు సమాఖ్యకు సంక్రమించిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం. ఈ అధికారం మాకు ఎవరూ ఇవ్వలేదు. సమాఖ్యకు ఇంతవరకు ఉన్న అధికారాలన్నీ అలా వచ్చినవే గనుక దీన్ని ప్రత్యేకంగా ఆక్షేపించనక్కర్లేదు. నేను సమాఖ్య కార్యదర్శిని. నా పేరు ఇక్కడ అప్రస్తుతం.

జరిగింది ఇది. లిథువేనియాలో ఇళ్లు కట్టే ఒక కంపెనీకి పన్నెండుమంది పనివాళ్లు కావలసివచ్చారు. ఎండలో పనిచేసినవాళ్లు చలిలోనూ చేస్తారన్న నమ్మకంతో కంపెనీవాళ్లు బహ్రెయిన్ మీద కన్నేశారు. ఆరు వారాల్లో తమ ఫోర్‌మన్ వచ్చి జల్లాఖ్‌లో ఒక రిసార్టులో దిగుతాడనీ, పనితోపాటు పని దగ్గర ప్రాణం కాపాడుకునేటంత భాష కూడా వచ్చినవాళ్లనే తీసుకుంటాడనీ కబురు పెట్టారు. ఈ కబురు విన్నవాళ్లలో మొదటివాడు పరశురాం. జగిత్యాల వైపు మనిషి, నలభై దాటాయి, సెంట్రింగ్ మేస్త్రీ. అమ్వాజ్‌లో అతను పనిచేస్తున్న కంపెనీ మూతపడుతోంది. క్యాంపు ఖాళీ చేయమన్నారు. వీసా రెండు నెలల్లో అయిపోతుంది.

"ఇంకో రెండేండ్లు ఏడన్న పని దొరికితే మా సరిత నర్సింగు అయిపోతది సార్. ఊరికి పోతే నాకు సెంట్రింగ్ పని ఎవలిస్తరు? ఈ దుబాయిల అయితే ఖలాస్. గా దేశమన్న చూత్త," అన్నాడు పరశురాం నాతో. అతని లెక్కలో బహ్రెయిన్ కూడా దుబాయే. లిథువేనియాను కూడా దుబాయి అనకుండా ఆగాడంటే ఆ దేశం మీద ఎంత గౌరవం పెట్టుకున్నాడో ఊహించవచ్చు.

భాష నేర్పే మనిషిని పట్టుకొచ్చింది ఎస్తేరు. భీమవరం దగ్గర ఊరు ఆమెది. అమ్వాజ్‌లో అపార్ట్‌మెంట్లు శుభ్రం చేస్తుంది. శుక్రవారం పొద్దున తెలుగు ఫెలోషిప్ ప్రార్థనలో పాటలు పాడుతుంది. ఆమె పనిచేసే భవనంలో రూతా అనే లిథువేనియా ఆవిడ ఉంటుంది. తన దేశంలో బడిపంతులమ్మగా చేసి, భర్త ఉద్యోగంతో ఇక్కడికి వచ్చింది. ఎస్తేరు అడగ్గానే, ప్రతి శుక్రవారం మధ్యాహ్నం ఊరికే నేర్పుతానని ఒప్పుకుంది. ఎస్తేరు కూడా ఆ లిథువేనియా కంపెనీ బసలో వంటపనికి దరఖాస్తు పెట్టుకుంది గనుక తానూ నేర్చుకుంటానంది.

అంటే ఒక పనివాడు, ఒక పనిమనిషి, ఒక పంతులమ్మ కలిసి, ఏ అధ్యక్షుడూ లేకుండా, ఏ జ్యోతి వెలిగించకుండా, ఏకంగా ఒక భాష నేర్చుకోబోతున్నారన్నమాట. ఈ అరాచకం చూస్తూ ఊరుకోవడానికి సమాఖ్య ఎందుకుంది? మా అధ్యక్షులు శ్రీ శ్రీనివాసరాజుగారు వెంటనే తరగతులను స్వాధీనం చేసుకున్నారు. ఆయన ఏసీల కంపెనీలో మేనేజరు. లిథువేనియా వెళ్లవలసిన అవసరం ఆయనకు లేదు, ఆయన బావమరిది బుల్లబ్బాయికి ఉంది. నయీమ్‌లో దర్జీ కొట్టు మీద హాలు మాట్లాడాం. నలభై కుర్చీలు వేయించాం. వాటిలో పన్నెండింటికి మెత్తలు ఉన్నాయి.

మొదటి శుక్రవారం రూతా ఊనికతో పాఠం మొదలుపెట్టింది. ఆమె ఇంగ్లీషులో చెప్పగా నేను తెలుగులో వివరించాను. ఊనిక అంటే మాటలో ఒకచోట గొంతు గట్టిగా నిలవడం. తెలుగులో మనం అక్షరాలన్నిటినీ దాదాపు సమానంగా చూస్తాం. మనం సమానంగా చూసేవి అక్షరాలొక్కటే గనుక ఈ సంగతి గర్వంగా చెప్పుకోవచ్చు. లిథువేనియాలో అలా కుదరదు. అక్కడ నామవాచకాలకూ విశేషణాలకూ ఊనిక పడే తీరును బట్టి నాలుగు గుంపులున్నాయి. ఒకటో గుంపు మాటలో ఊనిక ఎక్కడ కూర్చుందో అక్కడే కూర్చుంటుంది. ఏకవచనం బహువచనమైనా, విభక్తులు మారినా లేవదు. నాలుగో గుంపులో దానికి నిలకడ లేదు. ఒకసారి మాట మొదట్లో ఉంటుంది, మరుక్షణం చివరి ప్రత్యయం మీదికి పరుగెత్తుతుంది. రెండూ మూడూ ఈ మధ్యలో ఉంటాయి.

ఏ మాటది ఏ గుంపో తేల్చడానికి ఆమె ఒక చిట్కా కూడా చెప్పింది. బహువచనంలో రెండు రూపాలు చూస్తే చాలు. మనం 'లకు' అనేచోట ఒకటి, 'లను' అనేచోట ఒకటి. రెండుచోట్లా ఊనిక కదలకపోతే ఒకటో గుంపు. 'లను' దగ్గర మాత్రమే చివరికి జరిగితే రెండు. 'లకు' దగ్గర మాత్రమే జరిగితే మూడు. రెండుచోట్లా జరిగితే నాలుగు.

హాల్లో సగంమందికి ఇది ఎక్కలేదు. తలుపు దగ్గర నిలబడ్డ పరశురాంకు మాత్రం చెప్పిన వెంటనే ఎక్కింది. "గదేనా మేడం? స్లాబు కింద జాకీ పెడతం గద. స్లాబు మారితే జాకీ ఏడ పెట్టాల్నో గదీ మారుతది. ఒకటో గుంపుల జాకీ జరుపుడే లేదు. నాలుగో గుంపుల ప్రతిసారి జరుపుడే," అన్నాడు. నేను తర్జుమా చేసి చెబితే రూతా చప్పట్లు కొట్టింది. ఆ చప్పట్లు సభా మర్యాదకు విరుద్ధమని మినిట్స్‌లో నమోదు చేశాం.

అప్పుడు శ్రీనివాసరాజుగారు లేచారు. "సోదర సోదరీమణులారా! ఎంత ప్రాచీనమైన భాష! ఎంత చక్కని వ్యవస్థ! నాలుగు గుంపులు! ఉన్నచోటు నుంచి కదలనిది ఒకటవది, ఎటు తోస్తే అటు పోయేది నాలుగవది! ఇంతకాలం యూరప్‌వారికి సంస్కారం లేదనుకున్నాను. క్షమాపణ కోరుతున్నాను. ఈ వ్యవస్థను మనం గౌరవించాలి, అనుసరించాలి. మన విద్యార్థులను కూడా నాలుగు గుంపులుగా విభజించాలని ప్రతిపాదిస్తున్నాను!"

ప్రతిపాదన ఏకగ్రీవంగా ఆమోదం పొందింది. చప్పట్లు పెద్ద ఎత్తున మోగాయి. ఇవి మర్యాదకు విరుద్ధం కావు.

ఎవరిని ఏ గుంపులో వేయాలన్నది సున్నితమైన విషయం. కులం అడగరాదని మా సమాఖ్య నియమావళిలో మొదటి నియమం. ఆ నియమాన్ని మేం ఇంతవరకు ఒక్కసారి కూడా అతిక్రమించలేదు. అందుకే దరఖాస్తు ఫారంలో కులం గడి లేదు. ఇంటిపేరు అడిగాం. తల్లిగారి ఇంటిపేరు అడిగాం. ఊళ్లో ఇల్లు ఏ వైపు ఉందో అడిగాం. పెళ్లిభోజనంలో ఏం వడ్డించారో అడిగాం. వివరాలు అందగానే విద్యార్థుల ప్రతిభ దానంతటదే బయటపడింది.

బుల్లబ్బాయి ఒకటో గుంపులో మొదటి కుర్చీకి ఎంపికయ్యాడు. పరశురాం నాలుగో గుంపులో పడ్డాడు. ఎస్తేరు విషయంలో ఫారం కూడా అవసరం లేకపోయింది. పేరు చూడగానే సమాఖ్యకు సర్వమూ అవగతమైంది. ఆమెను నాలుగో గుంపు తర్వాత ఒక కామా పెట్టి రాశాం. మెత్తల కుర్చీలు ఒకటో గుంపుకు, ఏసీ గాలి తగిలే కుర్చీలు రెండుకు, మిగిలినవి మూడుకు కేటాయించాం. నాలుగో గుంపువాళ్లు తలుపు దగ్గర, చెప్పుల పక్కన నిలబడతారు. నలభై కుర్చీల్లో సగం ఖాళీగానే ఉన్నాయి గాని, నాలుగో గుంపులో ఊనికకే నిలకడ లేనప్పుడు మనుషులకు కుర్చీలెందుకని అధ్యక్షులు సహేతుకంగా ప్రశ్నించారు. హాజరు పుస్తకంలో కుర్చీ నంబరు వారీగా టిక్కు పెట్టే బాధ్యత నాది. కుర్చీ లేనివాళ్లకు నంబరు లేదు. నంబరు లేనివాళ్లకు టిక్కు లేదు. పుస్తకం చాలా శుభ్రంగా ఉండేది.

క్రమశిక్షణ దృష్ట్యా మరో తీర్మానం కూడా చేశాం. ఏ గుంపు విద్యార్థి ఆ గుంపు మాటలే నేర్చుకోవాలి. పక్క గుంపు మాటల జోలికి పోరాదు. రూతాకు ఇది అర్థం కాలేదు. మాటలన్నీ కలిస్తేగదా వాక్యం అవుతుంది అంది. విదేశీయులకు కొన్ని విషయాలు ఎంత చెప్పినా ఎక్కవు.

రెండో శుక్రవారం ఆమె ఒకటో గుంపు మాటలు బోర్డు మీద రాసింది. మొదటి మాట 'వీరస్', అంటే పురుషుడు. శ్రీనివాసరాజుగారు కుర్చీలోంచి ఎగిరి లేచారు. "వీరుడు! మన వీరుడే! ఒకటో గుంపులో మొదటి మాటే మనదని తేలిపోయింది," అన్నారు. ఆ 'మన' అనే మాట పలికేటప్పుడు ఆయన మొదటి వరుసను మాత్రమే చూశారు.

ఆ తర్వాత వచ్చిన మాటలతోనే సభ కొంత ఇబ్బందిలో పడింది. శరీర భాగాలు నేర్పాలనుకుంది ఆవిడ. పాదం ఒకటో గుంపు అని రాసింది. చెయ్యి రెండో గుంపు. తల మూడో గుంపు. పెద్దలు ఆ వరుసను చాలాసేపు చూశారు. పై నుంచి కిందికి చూశారు, కింది నుంచి పైకి చూశారు. మనం వేల ఏళ్లుగా మరో వరుస నేర్చుకుని ఉన్నాం. పొరపాటున తలకిందులుగా రాశారేమోనని అధ్యక్షులు నాచేత అడిగించారు. రాయలేదు, నిఘంటువులోనూ ఇలాగే ఉంటుంది అంది ఆవిడ. రాజు అనే మాట ఏ గుంపు అని అడిగించారు. రెండు అంది. అధ్యక్షులు కాసేపు మంచినీళ్లు తాగారు.

"పోనీ దేవుడు?" అని ఆయన ఆశగా అడిగారు. దేవుడు 'దియెవస్' అనీ, అది కూడా సంస్కృతానికి చుట్టమేననీ రూతా చెప్పింది. హాలు పులకించింది. దేవుడు ఒక్కడే అయితే ఊనిక మొదట్లో పడుతుంది, దేవుళ్లు అయితే చివరికి జరుగుతుంది, 'లకు' దగ్గరా అంతే, 'లను' దగ్గరా అంతే అని ఆమె చెబుతూ పోయింది. చిట్కా ఈపాటికి అందరికీ నోటికి వచ్చింది. లెక్క వేసుకుంటున్నకొద్దీ ముఖాలు పాలిపోయాయి. దేవుడు నాలుగో గుంపు.

తలుపు దగ్గరి నుంచి ఎస్తేరు గొంతు వినిపించింది. "అంటే మా ప్రభువు కూడా నాలుగో గుంపేనాండీ? చెప్పుల పక్కనేనా? అయితే నాకా కామా తీసేసి అందులోనే కలిపేయండి బాబూ."

ఆ పక్కనే పరశురాం నవ్వాడు. "మా ఎల్లమ్మ తల్లి గుడ ఈడనే నిలవడ్డట్టుందక్కా," అన్నాడు.

సమాఖ్య అత్యవసరంగా సమావేశమైంది. దేవుణ్ని ఒకటో గుంపులోకి మార్చాలని ఒక తీర్మానం, పాదాన్ని నాలుగో గుంపులోకి దించాలని మరొకటి చేసి, లిథువేనియా ప్రభుత్వానికి మెయిలు పంపాం. ఇంతవరకు జవాబు లేదు. మౌనం అంగీకారమే గనుక మార్పు అమల్లోకి వచ్చినట్టు ప్రకటించాం.

విశేషణాల వారం మరీ నిరుత్సాహపరిచింది. మామూలుగా వాడే చిన్న విశేషణాలు దాదాపు అన్నీ మూడు, నాలుగు గుంపుల్లోనే ఉన్నాయి. తెలుపూ నలుపూ ఒకే గుంపు. ఈ మాట విని పెళ్లి సంబంధాలు చూస్తున్న ఇద్దరు సభ్యులు హాలు విడిచిపోయారు. మంచి, కొత్త, పాత, అందమైన, చిన్న, అన్నీ నాలుగే. పైగా విశేషణం పక్కనున్న నామవాచకాన్ని చూసి నడుచుకోదు, తన గుంపు పద్ధతి ప్రకారమే పోతుంది. 'మంచి పురుషులకు' అన్నప్పుడు మంచి మీది ఊనిక చివరికి జరుగుతుంది, పురుషుల మీదిది చలించదు. మంచి కదిలినా పురుషులు కదలరన్నమాట. ఒకటో గుంపువారికి ఒక్క మంచి గుణమూ దక్కలేదని బుల్లబ్బాయి బాధపడితే, మనకు గుణాలతో పనేమిటి, పురుషుడు ఉన్నాడుగదా అని అధ్యక్షులు ఓదార్చారు.

అలా ఆరు వారాలు గడిచాయి. ఒకటో గుంపువారికి పురుషుడు, పాదం, రొట్టె, పొగ, సోదరుడు వంటి మాటలు కంఠతా వచ్చాయి. తలుపు దగ్గరివాళ్లకు దేవుడు, మనిషి, ఇల్లు, మంచు, నిప్పు, తోడేలు, గొర్రె వచ్చాయి. పైగా తలుపు దగ్గర నిలబడినవాళ్లకు ఒక అన్యాయమైన సౌకర్యం ఉండేది. అక్కడికి నాలుగు గుంపుల పాఠాలూ వినిపించేవి. చెవులకు కుర్చీలు కేటాయించడం మేం మరిచిపోయాం.

జల్లాఖ్ రిసార్టులో ఫోర్‌మన్ యోనస్ ఎదురుగా మొదట బుల్లబ్బాయి కూర్చున్నాడు. రూతా పక్కనే ఉంది. "ఇల్లు కొత్తదా, పాతదా?" అని యోనస్ తన భాషలో అడిగాడు. ఇల్లు, కొత్త, పాత మూడూ నాలుగో గుంపు మాటలు. బుల్లబ్బాయి వాటిని ముట్టుకోలేదు. "పురుషుడు," అన్నాడు గంభీరంగా. "మంచు పడుతుంటే ఏం చేస్తావు?" "రొట్టె." చివరికి యోనస్ ఒక బొమ్మ చూపించాడు. అందులో ఒక చెక్క ఇల్లు తగలబడుతోంది. పక్కవాళ్లను ఎలా హెచ్చరిస్తావు అన్నాడు. బుల్లబ్బాయికి పొగ వచ్చుగాని నిప్పు రాదు. "పొగ," అని మర్యాదగా చెప్పి, నమస్కారం పెట్టి వచ్చేశాడు.

పరశురాం బొమ్మ చూసీ చూడగానే "ఉగ్నిస్!" అని ఒక్క కేక పెట్టాడు. ఊనిక సరిగ్గా చివరి భాగం మీద పడింది. యోనస్ ఉలిక్కిపడి కుర్చీలోంచి లేచి తలుపు వైపు రెండు అడుగులు వేశాడు. తర్వాత నవ్వుకుంటూ తిరిగి వచ్చి అతని చేతులు తిప్పి చూశాడు. అరచేతుల్లో కాయలు కాసి ఉన్నాయి. భాష పరీక్షా పని పరీక్షా అక్కడితో అయిపోయాయి. సాయంత్రానికి పేర్లు చదివారు. పన్నెండుమందిలో తొమ్మిదిమంది తలుపు దగ్గరివాళ్లే. వంటపనికి ఎస్తేరును తీసుకున్నారు.

ఒక కాగితం మిగిలింది. విద్యార్థి ఆరు వారాలూ తరగతికి వచ్చాడని నిర్వాహకులు సంతకం చేయాలి. పరశురాం నా దగ్గరికి వచ్చాడు. నేను హాజరు పుస్తకం తెరిచాను. అతని పేరు లేదు.

"జర సంతకం పెట్టుర్రి సార్. వీసా ఇంక పదిహేను దినాలే ఉన్నది. నేను ఆరు వారాలు వచ్చిన్నా, రాలేదా? మీరు చూసిండ్రు గద, నేను మీ చెప్పుల పక్కకే నిలవడ్డ," అన్నాడు.

నేను చూశాను. ఆరు వారాలూ చూశాను. నా చెప్పులు ఎవరైనా తొక్కుతారేమోనని అటే చూస్తూ కూర్చున్నాను గనుక ఇంకా బాగా చూశాను. కానీ పుస్తకంలో లేనిదానికి సంతకం చేయడం నియమావళికి విరుద్ధం. సమాఖ్య ముందు పెడతానన్నాను. సమాఖ్య కూర్చుని, కుర్చీ లేని హాజరును హాజరుగా పరిగణించవచ్చా అన్న అంశంపై ఉపసంఘం వేసింది. ఉపసంఘం తన నివేదికను మూడు నెలల్లో సమర్పించవలసి ఉంది. పరశురాం కాగితం మడిచి జేబులో పెట్టుకుని మెట్లు దిగాడు. నాకు సిగ్గేసింది. ఆ సిగ్గును మినిట్స్‌లో రాయలేదు.

మర్నాడు ఎస్తేరు అందరి కాగితాలూ పోగుచేసి అమ్వాజ్‌కు పట్టుకుపోయింది. రూతా ఒక్కొక్కదాని మీద 'ఈ మనిషి నా తరగతికి వచ్చాడు' అని స్వదస్తూరీతో రాసి సంతకం పెట్టింది. కంపెనీకి అది చాలింది. తర్వాత ఆమె హాలుకు వచ్చి నన్ను ఒక ప్రశ్న అడిగింది. "ఆరు వారాలు నా ఎదురుగా నిలబడ్డ మనుషులు మీ పుస్తకంలో ఎందుకు లేరు?" జవాబు తెలుగులో నాకు బాగా తెలుసు. ఇంగ్లీషులోకి తర్జుమా చేయడానికే నోరు రాలేదు.

సమాఖ్య మాత్రం తన బిడ్డల విజయాన్ని తన విజయంగానే భావించి ఘనంగా వీడ్కోలు సభ పెట్టింది. "నాలుగో గుంపులో ఎంత శక్తి ఉందో నేను మొదటి రోజే గ్రహించాను! దేవుడు ఉన్నచోట మనం ఉండవద్దా?" అని శ్రీనివాసరాజుగారు గద్గదస్వరంతో ప్రశ్నించారు. తక్షణం తీర్మానం జరిగింది. వచ్చే బ్యాచి నుంచి నాలుగో గుంపే ఉత్తమం. మెత్తల కుర్చీల మీద ఒకటి అని అంటించిన చీటీలు తీసి నాలుగు అని అంటించాం. తలుపు దగ్గర ఒకటి అని రాశాం. కూర్చున్నవాళ్లు లేవనక్కర్లేదు, నిలబడ్డవాళ్లు కూర్చోనక్కర్లేదు. ఇంత శాంతియుతంగా జరిగిన సంస్కరణ ఈ మధ్య ఎక్కడా లేదు.

శాలువా కప్పి పరశురాంను వేదిక మీద కుర్చీలో కూర్చోమన్నారు. అతను కుర్చీ వైపు చూశాడు, తలుపు వైపు చూశాడు.

"వద్దు సార్. ఇంక గాడ ఆరుగురు నిలవడ్డరు. కొత్తగ వచ్చిండ్రు, వచ్చే బ్యాచోళ్లు. వాళ్లకు కుర్చీలెయ్యుర్రి, గప్పుడు నేను గుడ కూసుంట."

హాల్లో ఇరవై కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. కుర్చీల కొరత ఉందని అధ్యక్షులు విచారం వ్యక్తం చేశారు. పరశురాం శాలువా మడిచి వేదిక మీది కుర్చీలో పెట్టాడు. యల్లా అక్కా, బస్సు పోతది అన్నాడు ఎస్తేరుతో. ఇద్దరూ చెప్పులు వేసుకుని వెళ్లిపోయారు. సభ జాతీయగీతంతో ముగిసింది.

చివరగా పాఠకులకు ఒక మనవి. ఈ నివేదికలో నేను ఎవరి కులమూ రాయలేదు. మా నియమావళి ఒప్పుకోదు. శ్రీనివాసరాజుగారిది రాయలేదు, పరశురాందీ రాయలేదు, ఎస్తేరుదీ రాయలేదు. అయినా తమకు ముగ్గురివీ తెలిసిపోయాయి. పేరు కనబడగానే ఒక్కొక్కరినీ ఎక్కడ కూర్చోబెట్టాలో అక్కడ కూర్చోబెట్టి మరీ చదువుకుంటూ వచ్చారు. తేలనిది నాదొక్కటే. ఇంటిపేరైనా ఎక్కడో జారిపడి ఉండకపోతుందా అని వెనక్కి వెళ్లి వెతకబోతున్నవారు దయచేసి శ్రమపడవద్దు. ముందువరుసలో మెత్త ఉన్న కుర్చీ ఒకటి ఖాళీగా ఉంది. వచ్చి కూర్చోండి. తమకు ఫారం కూడా అక్కర్లేదు.